పెనం మీద మొక్కజొన్న గింజలు కాల్చడం: నీరు ఊరకుండా మచ్చలు పడాలంటే ఎలా?

నిమ్మచెక్క (శనివారం, రాత్రి 9:10)

అందరికీ నమస్కారం. మొక్కజొన్న గురించి ఒక సందేహం. కొంచెం వివరంగానే రాస్తున్నాను, ఓపికగా చదవండి.

మా నాన్నగారు తెనాలి దగ్గరి మా ఊరి నుంచి న్యూజెర్సీలో మా ఇంటికి వచ్చి రెండు నెలలైంది. బొగ్గుల మీద కాల్చిన పొత్తు అంటే ఆయనకు ప్రాణం. కానీ ఈ మధ్యే కట్టుడు పళ్లు పెట్టించుకున్నారు, పొత్తు కొరకలేరు. ఇక్కడ ఇప్పుడు ఆగస్టు కదా, రైతుల సంతలో లేత పొత్తులు కుప్పలు పోసి అమ్ముతున్నారు. పోయిన వారం ఆయన అందులో ఒకటి చేతిలోకి తీసుకున్నారు, పీచు పక్కకు తప్పించి గింజల వరస చూశారు, మళ్లీ అక్కడే పెట్టేశారు. ఒక్క మాట కూడా అనలేదు. అప్పటి నుంచి నాకు మనసు నిలవడం లేదు.

గింజలు వేరు చేసి పెనం మీద కాల్చి, ఉప్పూ కారం నిమ్మరసం పట్టించి, పప్పన్నంలో నంజుకోవడానికి పెడదామని నా ఆలోచన. రెండు సార్లు చేశాను. రెండు సార్లూ గింజలు నీరు వదిలి ఉడికిపోయాయి, నల్ల మచ్చ ఒక్కటీ పడలేదు. మూడోసారి మంట బాగా పెంచితే అడుగంటి చేదెక్కింది, పొగకు అలారం మోగింది. మాది విద్యుత్ పొయ్యి, గ్యాసు లేదు. అపార్టుమెంటు కాబట్టి బొగ్గుల కుంపటి మాటే లేదు. ఒక నాన్‌స్టిక్ పెనం, ఒక పోత ఇనుము పెనం ఉన్నాయి. ఇంతవరకు నాన్‌స్టిక్‌లోనే చేశాను. దారి చెప్పగలరా?

ఇనుపమూకుడు (శనివారం, రాత్రి 10:02)

నిమ్మచెక్క గారూ, ముందు ఆ నాన్‌స్టిక్‌ను పక్కన పెట్టేయండి. గింజకు మచ్చ పడాలంటే పెనం బాగా కాగాలి. నాన్‌స్టిక్ పూత 260 డిగ్రీలు దాటితే పాడవడం మొదలవుతుంది, ఆ పొగ పీల్చకూడదు. మీ దగ్గర పోత ఇనుము పెనం ఉందన్నారు, ఈ పనికి అంతకు మించింది లేదు.

మీ గింజలు ఉడికిపోవడానికి కారణం ఒక్కటే, తడి. గింజ పైన నీరు ఉన్నంతసేపూ అక్కడ వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. ఎర్రబడడం, కమ్మని వాసన రావడం సుమారు 140 డిగ్రీలు దాటాక గానీ మొదలవదు. మీరు ఎంత మంట పెట్టినా ఆ వేడంతా ముందు నీటిని ఆవిరి చేయడానికే పోతుంది. ఆ తడి చివరకు ఇంకిపోయేసరికి గింజ లోపల మెత్తబడిపోయి ఉంటుంది.

నేను చేసే పద్ధతి ఇది. పెనాన్ని మధ్యస్థంగా వేడి పెట్టి ఐదారు నిమిషాలు ఖాళీగా కాగనిస్తాను. ఇనుము వేడెక్కడానికి సమయం తీసుకుంటుంది, వేడెక్కాక మాత్రం అంత తేలిగ్గా చల్లబడదు. ఒక చుక్క నీరు వేస్తే అది నిలవకుండా చిటపటమని ఎగిరిపోవాలి. అప్పుడు గింజలను ఒకే పొరగా పరుస్తాను. పది అంగుళాల పెనంలో రెండు కప్పులకు మించి వేయవద్దు. నాలుగు పొత్తుల గింజలు సుమారు మూడు కప్పులవుతాయి, అంటే రెండు వాయలు.

ఇక అసలు సంగతి. గింజలు పరిచాక గరిటె కింద పెట్టేసి రెండున్నర నిమిషాలు ముట్టుకోకండి. మనకు చిన్నప్పటి నుంచీ వేపుడు అంటే కలుపుతూ ఉండడమే అలవాటు. చేయి ఊరుకోదు. కానీ కదిపినప్పుడల్లా గింజ వేడి చోటు వదిలి పక్కకు పోతుంది, మచ్చ పడే అవకాశం పోతుంది. అడుగు గింజలు ఎర్రబడ్డాక అట్లకాడతో ఒక్కసారి తిరగేసి, మళ్లీ రెండు నిమిషాలు వదిలేయండి. ఒక్కో వాయకు ఐదు నిమిషాల పని.

పాలకంకి (ఆదివారం, ఉదయం 7:25)

మాది జగిత్యాల వైపు. ఇంట్లో ఏటా మక్క వేస్తాం. ఇనుపమూకుడు గారు తడి గురించి చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. అయితే ఆ తడి ఎక్కడి నుంచి వస్తుందో కూడా చూడాలి. నిమ్మచెక్క గారూ, మీరు గింజలను కత్తితో కోశారా, చేత్తో ఒలిచారా?

కత్తితో కోస్తే గింజ సగానికి తెగుతుంది. అందులోని పాలు కారతాయి. ఆ పాలలో చక్కెర, పిండి రెండూ ఉంటాయి. అవి పెనానికి అంటుకుని గింజకు మచ్చ పడేలోపే మాడిపోతాయి. మీకు వచ్చిన చేదు అదే అయి ఉంటుంది.

మా అమ్మ ఒలిచే తీరు చెబుతాను. ముందు కత్తి మొనతో ఒక్క వరసను పెకిలించి తీసేస్తుంది. ఒక వరస ఖాళీ అయితే దాని పక్క వరసకు ఆధారం ఉండదు. అప్పుడు బొటనవేలి కింది కండను ఆ వరసకు ఆనించి ఖాళీ వైపుకు ఒత్తితే, గింజలు మొదలు కంటా, ఒక్కటీ చితకకుండా, టపటపా రాలిపోతాయి. పొత్తులో వరసలు ఎప్పుడూ సరి సంఖ్యలోనే ఉంటాయి, పన్నెండో పద్నాలుగో పదహారో. అందుకని రెండేసి వరసలు కలిపి ఒలుస్తుంది. ఆమె ఒలిచాక కండె మీద తెల్లటి గుంటలు తేనెపట్టులాగా వరసగా కనిపిస్తాయి. అమెరికా తీపి మొక్కజొన్న తోలు పలచన కాబట్టి కొంచెం నెమ్మదిగా ఒత్తాలి, కానీ వస్తుంది.

ఒలిచాక గింజలను పాత నూలు బట్ట మీద అరగంట ఆరబెట్టండి. ఫ్యాను కింద అయితే ఇంకా మంచిది.

కరివేపాకు (ఆదివారం, ఉదయం 8:40)

అబ్బా, పాలకంకి గారు రాసింది చదువుతుంటే కండె వాసన వచ్చింది.

నిమ్మచెక్కా, నీ కథ చదివి నిన్న రాత్రే సమాధానం రాయాలనుకున్నాను. నాన్నగారికి తెనాలి నాలుక అంటే కారం విషయంలో రాజీ పడకూడదు. నేను చేసే మసాలా చెబుతాను, రాసుకో. ఆరు ఎండుమిరపకాయలు, చెంచా ధనియాలు, అర చెంచా జీలకర్ర విడివిడిగా దోరగా వేయించి, రాళ్ల ఉప్పు వేసి కచ్చాపచ్చాగా దంచు. ఆఖర్లో నాలుగు వెల్లుల్లి రెబ్బలు పొట్టుతోనే వేసి ఒక్క దంపు దంచు. మరీ మెత్తగా చేయకు. గింజల మీద అక్కడక్కడా పలుకుగా తగలాలి.

ఈ వెల్లుల్లి కారాన్ని పెనం పొయ్యి మీద ఉండగా వేయవద్దు. అంత వేడికి కారం క్షణంలో నల్లబడి ఘాటు గొంతుకు పడుతుంది, ఇల్లంతా దగ్గులే. దించి వెడల్పు గిన్నెలోకి మార్చాక, ఒక చెంచా నెయ్యి, ఆ తరువాత కారం. గింజల వేడికే వెల్లుల్లి పచ్చివాసన పోతుంది.

ఎడారిమల్లె (ఆదివారం, ఉదయం 11:15)

నేను టెక్సాస్‌లో ఉంటాను. మా పక్కింటివాళ్లు మెక్సికో వాళ్లు. వాళ్లు ఇలాంటిదే చేస్తారు, పేరు ఎస్కీతెస్. అక్కడ వీధి బళ్ల మీద కప్పుల్లో పెట్టి అమ్మే వంటకం. గింజలను ఉడికించో కాల్చో, నిమ్మరసం, మిరపపొడి, మయొనైజ్, పొడిపొడిగా రాలే ఉప్పటి కొతిహా చీజ్ వేసి ఇస్తారు. ఎపసోతే అనే ఆకు కూడా వేస్తారు. దాని వాసన ఘాటుగా, కొంచెం వాములాగా నాకు అనిపిస్తుంది. అదే పొత్తును మొత్తంగా కాల్చి ఇస్తే ఎలోతె అంటారు. ఈ రెండు మాటలూ అక్కడి పాత నావాతల్ భాష నుంచి వచ్చినవే.

మొక్కజొన్న పుట్టిందీ ఆ దేశంలోనే, దక్షిణ మెక్సికోలో, సుమారు 9000 ఏళ్ల క్రితం ఒక అడవి గడ్డిని సాగు చేసుకుంటూ తయారు చేసుకున్నారు. మన మిరపకాయ కూడా ఆ వైపు నుంచి వచ్చిందే. ఉప్పూ కారం రాసిన కాల్చిన పొత్తును మన చినుకుల సాయంత్రాల సొంతం అనుకుంటూ పెరిగాను. పక్కింటి పెద్దావిడ నిమ్మచెక్కను కారంలో అద్ది పొత్తుకు రుద్దడం మొదటిసారి చూసినప్పుడు, మా ఊరి బస్టాండు ముందు కుంపటి పెట్టుకుని కూర్చునే ఆవిడ చేతులే గుర్తొచ్చాయి.

పనికొచ్చే మాట ఒకటి: పొగ వాసన కావాలంటే, పొగ పట్టించిన స్పెయిన్ మిరపపొడి అమెరికా దుకాణాల్లో దొరుకుతుంది. పావు చెంచా చాలు. కరివేపాకు గారి కారంలో కలిపితే బొగ్గుల ఛాయ కొంత వస్తుంది. ఎక్కువైతే మాత్రం మిగతా రుచులను మింగేస్తుంది.

పప్పుచారు (ఆదివారం, మధ్యాహ్నం 2:30)

నాదొక భిన్నాభిప్రాయం. ఇక్కడి తీపి మొక్కజొన్న అన్నంలో నంజుకోవడానికి పనికిరాదని నా అనుభవం. నాటు పొత్తు తీపి వేరు, అది వెనక ఎక్కడో ఉంటుంది. దీని తీపి ముందుకొచ్చి కూర్చుంటుంది. ముద్దపప్పు కూడా కమ్మనిదే, దాని పక్కన ఇది పెడితే రెండూ కలిసి నోరు చప్పబడుతుంది. చిరుతిండిగా పెట్టండి, అన్నంలో వద్దు.

కరివేపాకు (ఆదివారం, మధ్యాహ్నం 3:05)

పప్పుచారు గారూ, ముద్దపప్పు విషయంలో మీతో ఏకీభవిస్తాను. కానీ అది జోడీ తప్పు, గింజ తప్పు కాదు. గోంగూర పప్పుతోనో మామిడికాయ పప్పుతోనో పెట్టి చూడండి. పులుపుకు ఈ తీపి ఎదురు నిలుస్తుంది, కాలిన మచ్చల చిరుచేదు రెంటినీ కలుపుతుంది. పెరుగన్నంలోకి అయితే ఊరమిరపకాయ చేసే పనే ఇదీ చేస్తుంది. మా ఇంట్లో మజ్జిగ పులుసు చేసిన రోజు ఇది తప్పనిసరి.

పప్పుచారు (ఆదివారం, మధ్యాహ్నం 3:40)

మజ్జిగ పులుసుతో నేను చూడలేదు. చూసి చెబుతాను.

చిన్నకుంపటి (ఆదివారం, సాయంత్రం 5:15)

హైదరాబాదు నుంచి. ఇంత శ్రమ లేకుండా గడ్డకట్టించి అమ్మే గింజల ప్యాకెట్టుతో అవుతుందా? ఉద్యోగం నుంచి వచ్చేసరికి ఏడున్నర అవుతుంది, పొత్తులు ఒలిచే తీరిక లేదు. మా బస్తీలో దొరికే నాటు పొత్తులు కూడా ఒక్కోసారి మరీ ముదురుగా ఉంటున్నాయి, వాటిని ఏం చేయాలి?

ఇనుపమూకుడు (ఆదివారం, సాయంత్రం 6:20)

బ్రహ్మాండంగా అవుతుంది. ప్యాకెట్టు గింజలను గడ్డకట్టించే ముందే వేడి నీటిలో ఒక ఉడుకు తీస్తారు, కాబట్టి లోపల ఉడకాలనే బాధ లేదు, పైన కాలితే చాలు. అయితే మంచు కరిగితే బోలెడు నీరు వస్తుంది. పొద్దున వెళ్లేటప్పుడు జల్లిగిన్నెలో పోసి, కింద పళ్లెం పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. రాత్రికి నీరంతా దిగిపోతుంది. తరువాత పొడి బట్టలో మూటకట్టి అద్దండి. నేరుగా ప్యాకెట్టు నుంచి పెనంలోకి మాత్రం వేయకండి.

డబ్బాలో నీటితో వచ్చే గింజలు నాకు నచ్చవు. ఎంత అద్దినా లోపలి మెత్తదనం పోదు.

పాలకంకి (ఆదివారం, రాత్రి 8:50)

చిన్నకుంపటి గారూ, నాటు పొత్తు కొనేటప్పుడే చూసుకోవాలి. పొట్టు కొంచెం ఒలిచి, మధ్యలో ఒక గింజను గోరుతో గిచ్చండి. తెల్లటి పాలు చిమ్మితే పాల కంకి, నేరుగా పెనం మీదకు పనికొస్తుంది. ముద్దలా వస్తే కొంచెం ముదిరింది. దాన్ని ఉప్పు నీటిలో కుక్కరులో రెండు మూడు కూతలు రానిచ్చి, వడగట్టి, బట్ట మీద పూర్తిగా ఆరాక కాల్చండి. గోరు దిగకపోతే ఇక కాల్చే ఆశ వదులుకుని, రాత్రంతా నానబెట్టి గుడాలు (ఉడకబెట్టిన గింజలు) చేసుకోండి, అవీ బాగుంటాయి.

పైన పీచు కూడా చూడండి. ఒక్కో పీచు పోగు ఒక్కో గింజకు చేరుతుంది. పుప్పొడి అందని పోగు దగ్గర గింజ కట్టదు. పొట్టు బయటి నుంచే వేళ్లతో తడిమితే బోలుగా ఉన్న చోటు తెలిసిపోతుంది. సంతలో అందరూ కొనని పొత్తులకు కూడా పొట్టు చింపి చూసి పడేస్తుంటే రైతుకు ఎంత నష్టమో ఆలోచించండి. తడిమి చూడడం అలవాటు చేసుకుంటే ఆ పొత్తు తాజాగా ఉంటుంది, తరువాత వచ్చినవారు కొంటారు.

ఇంకో మాట. కోసిన పొత్తును ఇంట్లో నిలవ పెట్టవద్దు. కోసిన క్షణం నుంచే అందులోని చక్కెర పిండిగా మారుతూ పోతుంది, ఎండ వేడికి మరీ త్వరగా. పొద్దున కోసింది సాయంత్రానికే రుచి తగ్గుతుంది. కుదరకపోతే పొట్టుతోనే ఫ్రిజ్‌లో పెట్టండి.

నిమ్మచెక్క (బుధవారం, రాత్రి 8:30)

అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. ఈ రోజు చేశాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పాలకంకి గారూ, మీరు ఊహించింది నిజం, ఇంతవరకు కత్తితోనే కోశాను. ఈసారి ఒలిచాను. మొదటి పొత్తుకు పది నిమిషాలు పట్టింది. రెండోది మొదలుపెట్టగానే నాన్నగారు వచ్చి నా చేతిలోంచి తీసుకున్నారు. మిగతా మూడూ ఆయనే ఒలిచారు, మీ అమ్మగారు చేసినట్టే, రెండేసి వరసలు.

గింజలు ఆరబెట్టి, పెనం ఆరు నిమిషాలు కాగనిచ్చి, పరిచాను. నిమిషం గడిచాక ఒకటి టప్పని ఎగిరి గోడకు కొట్టుకుంది. వెంటనే ఇంకో మూడు. మూత పెట్టేశాను, అదే పొరపాటు. తీసి చూసేసరికి మళ్లీ ఆవిరి, మళ్లీ తడి. రెండో వాయకు మూత పెట్టలేదు, మచ్చలు బాగా పడ్డాయి. పొయ్యి చుట్టూ గింజలు ఏరుకున్నాను. ఆఖర్లో నిమ్మరసం పెనంలోనే పిండాను. గింజలన్నీ కొంచెం నల్లగా, ఇనుము వాసన వచ్చాయి. నాన్నగారు తిన్నారు. బాగుంది అన్నారు గానీ, ఆ మాట నా కోసం అన్నదని తెలుస్తూనే ఉంది.

ఇనుపమూకుడు (బుధవారం, రాత్రి 9:15)

సగం పైగా గెలిచేశారు. ఎగరడం సహజం. లోపలి నీరు ఆవిరై, బయటికి దారి లేక తోలును చీల్చుకుని వస్తుంది. మూత బదులు పిండి జల్లెడను పెనం మీద బోర్లించండి. గింజ ఆగుతుంది, ఆవిరి పోతుంది. లోహపు జల్లెడ అయి ఉండాలి సుమా.

నిమ్మరసం ఇనుములో ఎప్పుడూ పిండకూడదు. పులుపు తగిలితే పెనం మీద నూనె కట్టిన నల్లటి పొర కరుగుతుంది, ఇనుము రుచిలోకి దిగుతుంది. గిన్నెలోకి మార్చాకే పులుపు. ఇప్పుడు పెనం కడిగి, పొయ్యి మీద ఆరబెట్టి, పలచగా నూనె రాసి మళ్లీ కాల్చండి, రెండు మూడు సార్లకు పొర తిరిగి కడుతుంది.

నూనె అడగలేదు కానీ చెబుతాను. అర చెంచా వేరుశెనగ నూనెను పెనంలో పోయకుండా ఆరిన గింజలకే పట్టించండి. ప్రతి గింజకూ పలచటి పొర ఉంటే వేడి సమంగా అందుతుంది, పొగ తక్కువ. వెన్న మొదట్లో వేస్తే దానిలోని పాల పదార్థం మాడిపోతుంది, కావాలంటే దించాక.

పాలకంకి (గురువారం, ఉదయం 6:50)

ఇక్కడ మాత్రం ఇనుపమూకుడు గారితో నేను కలవను. నూనె పడిందంటే అది వేపుడు, కాల్చినది కాదు. బొగ్గుల మీద కాల్చేటప్పుడు ఎవరు నూనె రాస్తారు? పెనం బాగా పదును పట్టినదైతే పొడి గింజ అంటుకోదు. నిమ్మచెక్క గారూ, నాన్నగారు వెతుకుతున్నది కాల్చిన రుచి. ఒక వాయ నూనెతో, ఒక వాయ లేకుండా చేసి ఆయన ముందు పెట్టండి.

ఎడారిమల్లె (గురువారం, ఉదయం 10:20)

పొగ అలారం గురించి ఎవరూ చెప్పలేదు. దయచేసి దాన్ని తీసేయకండి, బట్ట కట్టకండి. కిటికీ తెరిచి, పొయ్యి మీది ఫ్యాను పెనం కాగడానికి ముందే వేయండి. గింజలు ఆరి ఉంటే పొగ కూడా పెద్దగా రాదు.

పప్పుచారు (శుక్రవారం, రాత్రి 9:00)

మజ్జిగ పులుసుతో చూశాను. కరివేపాకు గారూ, మీరే గెలిచారు. మా అబ్బాయి పులుసు సంగతి మరిచిపోయి గింజలే తిన్నాడు. ఒలిచిన కండెలను పారేయకుండా నాలుగు ముక్కలు చేసి చారు నీటిలో ఇరవై నిమిషాలు మరిగించి తీసేశాను. చారుకు మంచి తీపి వాసన పట్టింది. ఎవరైనా చేయకపోతే చేసి చూడండి.

నిమ్మచెక్క (ఆదివారం, మధ్యాహ్నం 1:45)

ఇప్పుడే భోజనాలయ్యాయి. గోంగూర పప్పు, అన్నం, కాల్చిన గింజలు.

జల్లెడ బోర్లించాను, ఒక్క గింజ బయట పడలేదు. కింద టపటపమంటూ జల్లెడకు తగులుతుంటే నాన్నగారు కుర్చీ వంటింట్లోకి తెచ్చుకుని కూర్చున్నారు. నూనె రాసిన వాయ సమంగా, బంగారు రంగులో, చూడముచ్చటగా వచ్చింది. నూనె లేని వాయ ఒక పక్క నల్లగా, ఒక పక్క పసుపుగా, గింజ తోలు అక్కడక్కడా ముడుచుకుని వచ్చింది. రెండింటికీ కరివేపాకు అక్క కారం, సగం చెంచా నెయ్యి, గిన్నెలోకి మార్చాక నిమ్మరసం. పొగ మిరపపొడి ఒక్క చిటికె.

రెండు గిన్నెలూ ఆయన ముందు పెట్టి ఏమీ చెప్పలేదు. నూనె వేసింది రెండు చెంచాలు తిన్నారు. రెండోది తిని, గిన్నెను కంచం దగ్గరకు లాక్కున్నారు. నిమ్మచెక్క ఒకటి అడిగి తీసుకుని, ఉప్పు కారంలో అద్ది, గింజల మీద మళ్లీ పిండుకున్నారు. "బొగ్గుల మీద కాల్చినంత లేదు. కానీ ఇది కాల్చిందే" అన్నారు.

వచ్చే శనివారం సంతకు తొందరగా వెళదామన్నారు, పొద్దున కోసినవి పది గంటలకల్లా అయిపోతాయట. పొత్తులను తడిమి ఎలా చూడాలో ఆయన నాకు చూపిస్తారట. ఇనుపమూకుడు గారూ, నూనె వాయ నేనూ పిల్లలూ ఖాళీ చేశాం, మీకూ అన్యాయం జరగలేదు.

పాలకంకి (ఆదివారం, మధ్యాహ్నం 2:10)

అమ్మకు చదివి వినిపించాను. వరస తీసేటప్పుడు కత్తి మొన బదులు చెంచా కాడ వాడమని నాన్నగారికి చెప్పమంది, చేతికి తెగదు.